కొండ మీద ఎంత?

జనవరి 30

చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ డైరీ. ఆఫీసులో నేను తుమ్మినా ఎవరో ఒకరు మీటింగు నోట్సులో ఎక్కిస్తున్నారు. ఇక్కడైతే రాసేదీ నేనే, చదివేదీ నేనే.

ఈ రోజు లైల్‌తో కలిసి మంచు కొలతకు వెళ్ళాను. డ్యాము గేట్లు చూసేది లైలే. మోకాళ్ళు అరిగిపోయాయని ఏటా మానేస్తానంటాడు, ఏటా నాకంటే ముందే మంచు చెప్పులు కట్టుకుని నిలబడతాడు. పై మైదానంలో నడుము లోతు మంచు. మా సెన్సార్లు చూపిస్తున్న అంకెకు మా కొలత సరిగ్గా సరిపోయింది. నదికి ఎంత నీరొస్తుందో అంచనా కట్టే నా కంప్యూటర్ మోడల్ కూడా దానికి తగ్గట్టే చెప్పింది. నాలుగు దశాబ్దాల మంచునూ నదినీ నూరిపోసి మూడేళ్ళు పెంచాను దాన్ని. మా నీటి సంఘం మేనేజరు రస్ దాన్ని "మీ బిడ్డ" అంటాడు. వెటకారమే, కానీ నాకు కోపం రాదు.

ఒక్క చోట మాత్రం లైల్ ఆగాడు. కొలత గొట్టాన్ని మంచులోంచి నేల తగిలేదాకా దించి పైకి లాగాం. కొసన ఎప్పుడూ తడి మట్టి బిళ్ళ అంటుకుని వస్తుంది, నేల తగిలిందనడానికి అదే సాక్ష్యం. దాన్ని గీకి పారేసి మంచును తూచాలి. మట్టి బరువు కలిస్తే లెక్క తప్పుతుంది. ఈ పనిలో చేరినవాళ్ళకు మొదటి రోజు నేర్పేది ఇదే.

"ఇదేం మట్టి డీలియా, ముక్కుపొడిలా ఉంది! పీల్చి తుమ్మమంటావా?" అన్నాడు లైల్.

"తుమ్మితే మంచు రాలి నా కొలత పోతుంది. నోరు ముయ్యి" అన్నాను. గొట్టం కొస నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ఫని ఊదాను. ఎగిరిపోయింది.

ఇంటికి వచ్చేసరికి ఫోను. మా అన్నయ్య ఉర్బానోకి పలకరింపులుండవు. "చెల్లాయ్, కొండ మీద ఎంత?" అంటాడు. నేనీ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి వారం వారం అదే మాట. ఎండాకాలంలో కొండ బోడిగా ఉన్నప్పుడు కూడా.

"మామూలు ఏటి మంచులో తొంభై శాతం దాకా ఉందన్నయ్యా."

"నా తల్లే" అని పెట్టేశాడు.

ఫిబ్రవరి 9

రస్ గదిలో గంటసేపు వాదన. బోర్డుకు చూపించే నది అంచనా బొమ్మలో మధ్య గీత ఉంటుంది, దాని చుట్టూ బూడిదరంగు నీడ ఉంటుంది. నది ఆ నీడలో ఎక్కడైనా ఉండవచ్చు. గీత అంటే సగం అవకాశం పైకి, సగం అవకాశం కిందికి. అంతే. అది చెప్పడానికే నా జీతం.

"ఆ నీడ తీసేయండి డీలియా. రైతులకు గీత కావాలి, నీడ కాదు" అన్నాడు రస్.

"గీత ఒక్కటే చూపిస్తే అది జోస్యం అవుతుంది సార్. మోడల్ కాదు."

"నీడ చూపిస్తే ఏమంటారో నేను చెప్పనా? 'వీళ్ళకే తెలీదు' అంటారు. నిరుడు మీ మోడల్‌కి డబ్బిచ్చింది తెలీదని చెప్పించుకోవడానికా?"

తీసేశాను. నా చేత్తోనే తీసేశాను. రస్‌కు చదువుంది, బుద్ధే లేదు. ఒక అంకె చేతిలో పెట్టి జనాన్ని మోసం చేయడమే ఇది. మనుషులు మధ్య గీతను పట్టుకుని ప్రమాణంలా నమ్ముతారని అతనికి తెలుసు. తెలిసి చేసేవాళ్ళను ఏమనాలి?

ఫిబ్రవరి 21, ఆదివారం

అన్నయ్య ఇంట్లో భోజనం. బాదం తోట మొత్తం పూసింది. కారు దిగితే చాలు, జుట్టు నిండా రేకులు. నాన్న పెంచి ఇచ్చిన పాడి అంతా అమ్మేసి అన్నయ్య వేసిన తోట ఇది. నలభై ఎకరాలు. అయిదో ఏడు. మొదటిసారి నిండా కాపు వచ్చేది ఈ ఏడే. పాడిలో మిగిలింది నాలుగు కోడెలు, అవి కూడా అలవాటు కొద్దీ.

తోటలో తిప్పి, ఒక్కో వరస చూపించాడు. ఆవులను పేర్లు పెట్టి పిలిచినట్టే చెట్లను కూడా పిలుస్తున్నాడు. "ఇది మొండిది. ఇది మీ వదిన లాంటిది, ఆలస్యంగా లేస్తుంది గానీ లేచాక ఆపలేం." జుల్మీరా వదిన వెనక నుంచి వచ్చి కొంగుతో కాదు గానీ ఏప్రానుతో వీపు మీద కొట్టింది. నవ్వుకున్నాం. చాలా రోజులైంది అలా నవ్వి.

వంటింట్లో వదిన తీపి రొట్టె కోస్తుండగా అసలు విషయం బయటికి తీశాడు. పక్క తోట డిక్రాన్‌కు లోతైన బోరుంది. ఈ ఎండాకాలానికి నీళ్ళు ఇస్తానంటున్నాడు, కానీ ఇప్పుడే ఒప్పందం రాసుకోవాలి. వదులుకుంటే రోడ్డు అవతల పిస్తా తోటవాళ్ళకు ఇచ్చేస్తాడు.

"రాసుకోమంటావా?" అన్నాడు.

"ఎంతంటున్నాడు?"

చెప్పాడు. డిక్రాన్‌కు సిగ్గు లేదు.

"దండగ అన్నయ్యా. అంత పోసి ఎందుకు కొంటావు? మన కాలువ నీళ్ళే వస్తాయి."

"ఖాయమా?"

"నలభై ఏళ్ళ లెక్క చూసి చెబుతున్నాను. కొండ మీద ఉంది, కిందికి రాక ఎక్కడికి పోతుంది? నీళ్ళొస్తాయి."

అన్నయ్య వదిన వైపు తిరిగి, "విన్నావా? మా చెల్లెలు కొండను తక్కెట్లో వేసి తూచి వచ్చింది" అన్నాడు. వదిన నాకు పెద్ద ముక్క కోసి పెట్టింది.

ఇంటికొచ్చాక కూడా చాలాసేపు సంతోషంగా ఉంది. ఇంట్లో నా చదువు ఒకరికి పనికొచ్చిన మొదటి రోజు ఇది.

మార్చి 2

డిక్రాన్ నీళ్ళు పిస్తావాళ్ళకు పోయాయట. పోనీ.

మార్చి 18

గేట్లు ఎత్తారు. కరగబోయే మంచుకు డ్యాములో చోటు చేయాలి కదా. మోడల్ ఎంత చోటు కావాలందో అంత నీరు నదిలోకి వదిలాం. లైల్ గేటు గది నుంచి ఫోను చేసి, "ఇంత మంచి నీళ్ళను వీధిలో పారబోస్తున్నట్టుంది. నీ బిడ్డ ఖచ్చితంగా చెప్పిందా?" అన్నాడు.

"చెప్పింది."

"సరే మరి. చుట్టాలొస్తున్నారంటే గది ఖాళీ చేయక తప్పదు."

వదిలిన నీటితో దిగువన పుట్టిన కరెంటు అమ్ముకుని రస్ ఆనందంగా ఉన్నాడు.

ఏప్రిల్ 1

అంకె బయటపెట్టారు. ఎనభై ఎనిమిది శాతం. ఎకరాకు ముప్పై అంగుళాల నీరు. హాలులో రైతులు చప్పట్లు కొట్టారు. నాకు! చప్పట్లు కొట్టించుకునే ఉద్యోగం కాదు నాది. రస్ నన్ను లేపి నిలబెట్టాడు. తెర మీద ఒక్కటే గీత, నీడ లేకుండా, పెళ్ళికూతురిలా ముస్తాబై ఉంది.

బయట కార్ల దగ్గర అన్నయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు. "పరిశుద్ధాత్మకు ఎర్ర కోడెను మొక్కాను చెల్లాయ్. ఇప్పుడే, నీ అంకె విన్నాక. ఈసారి పండగ పులుసు, ఆ సోపాస్, మనదే."

నాన్న చనిపోయినప్పుడు కూడా ఏడవలేదు వీడు.

ఏప్రిల్ 19

వారం నుంచి వేడిగాలి. కొండ మీద మంచు చకచకా తగ్గుతోంది. నది మాత్రం పెరగడం లేదు.

ఏప్రిల్ 20

నది కొలిచే సెన్సార్ పాడై ఉంటుంది. చెత్త అడ్డం పడి ఉంటుంది. రేపు మనిషిని పంపిస్తాను.

ఏప్రిల్ 21

సెన్సార్ బాగానే ఉంది.

ఏప్రిల్ 27

నేనే వెళ్ళి చూశాను. లైల్ కూడా వచ్చాడు. జనవరిలో నడుము లోతు మంచున్న చోట ఇప్పుడు నేల బయటపడింది. ఏ ఏడైనా ఈ వేళకు కాలు పెడితే బూటు బురదలో దిగాలి. దుమ్ము లేచింది. మంచు కరిగి వాగులోకి రాలేదు. కిందికి, నేలలోకి పోయింది. రెండేళ్ళుగా వాన లేక ఎండిపోయిన కొండ మొత్తం తాగేసింది, కొంత గాలి ఎగరేసుకుపోయింది.

లైల్ పిడికెడు మట్టి తీసి నా ముందు చెయ్యి చాపాడు. వాడు ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

నలభై ఏళ్ళ లెక్కలో ఎక్కడా మట్టి లేదు. ఉండదు కూడా. నలభై ఏళ్ళుగా గొట్టం కొస నుంచి గీకి పారేస్తూనే ఉన్నాం. అదే పద్ధతి అని నేర్చుకున్నాం, అదే నేర్పాం. నేనొక్కదాన్నే కాదు, ఈ కొండల్లో గొట్టం పట్టిన ప్రతివాడూ పారేశాడు.

మే 6

అంకె మార్చి చెప్పారు. ముప్పై అంగుళాలు పద్ధెనిమిదయ్యాయి. డ్యాములో రాని చుట్టాలకు ఖాళీ చేసిన గది అలాగే ఉంది. ఇప్పుడు అందరూ మార్చిలో ఎత్తిన గేట్ల గురించి అడుగుతున్నారు. రస్ నా వైపు చూస్తున్నాడు. కరెంటు అమ్మినప్పుడు ఎవరి వైపూ చూడలేదు.

అన్నయ్య ఫోను చేశాడు. "పద్ధెనిమిదితో జూలై దాటదు చెల్లాయ్" అన్నాడు, అంతే. తిట్టలేదు. ఒక మాట గుర్తు పెట్టుకోవాలి: మోడల్ ఇచ్చేది అవకాశం, వాగ్దానం కాదు. మధ్య గీత అంటే సగం సగం. ఈ మాట నేను అందరికీ చెప్పాను. రస్‌కు చెప్పాను. ఇంట్లో కూడా చెప్పే ఉంటాను.

మే 23, పెంతెకొస్తు

పండగ. పండగకు రాణిగా ఎన్నుకున్న చిన్నపిల్లకు భుజాల మీద పొడుగు వస్త్రం, వెనక పట్టుకోవడానికి ఇద్దరు, చెమటలు కక్కుకుంటూ ఊరేగింపు. హాలు బయట పెద్ద గంగాళాల్లో మాంసం పులుసు ఉడికింది. గిన్నెలో రొట్టె, దాని మీద పుదీనా, దాని మీద పులుసు. వచ్చినవాళ్ళందరికీ ఉచితం, ఎవరినీ ఊరూ పేరూ అడగరు. గోడ మీద దాతల పేర్లలో ఉర్బానో బోర్బా.

ఎర్ర కోడెను ఇచ్చేశాడు.

గరిటె పట్టుకుని వడ్డిస్తున్న అన్నయ్య దగ్గరికి వెళ్ళి అడిగాను. "నీళ్ళు రాలేదు కదన్నయ్యా. మొక్కెందుకు తీర్చావు?"

"నీళ్ళొస్తే ఇస్తానని మొక్కలేదే నేను. నీ అంకె విని సంతోషం పట్టలేక మొక్కాను. ఆ సంతోషం నిజమేగా?" అన్నాడు. "మాటిచ్చింది దేవుడికి చెల్లాయ్, డ్యాముకి కాదు. గిన్నె పట్టు."

పక్కనే నిలబడ్డ ఒక రైతు నా గిన్నె చూసి, "అమ్మగారికి కాస్త తక్కువ పోయండి. అంచనాలో సగమే వస్తుంది కదా" అన్నాడు. వరస వరసంతా నవ్వింది. అన్నయ్య నవ్వలేదు, నా గిన్నె అంచుదాకా పోశాడు. అంతా తిన్నాను. పారేస్తే అందరూ చూస్తారు.

జూన్ 3

సగం సగం అన్నాను. స్పష్టంగా గుర్తుంది. వదిన రొట్టె కోస్తోంది, నేను కిటికీ దగ్గర ఉన్నాను. "అన్నయ్యా, ఇది సగం సగం" అన్నాను. వాడు తోట గురించి ఆలోచిస్తున్నాడు, వినలేదు.

జూన్ 13, ఆదివారం

వెళ్ళకుండా ఉండాల్సింది.

అన్నయ్య టేబులు మీద తోట బొమ్మ గీసుకుని కూర్చున్నాడు. ఉన్న నీళ్ళు నలభై ఎకరాలకూ పంచితే అన్నీ చస్తాయి. అందుకని కొన్నిటిని వదిలేయాలి. ఇంటి దగ్గరి పది ఎకరాలు బతికిస్తాడట. మిగతా ముప్పైకి ఈ వారం నుంచి నీళ్ళు బంద్.

"మొండిది ఎటు వైపుంది?" అని అడిగాను.

"వదిలేసే వైపు."

ఏమైందో నాకు, ఊరుకోవలసింది పోయి, "నేను ముందే చెప్పాను కదన్నయ్యా" అన్నాను.

"ఏం చెప్పావు?"

"సగం సగం అని. ఖాయం కాదని. నువ్వు పట్టించుకోలేదు."

తలెత్తి చూశాడు. వదిన గిన్నెలు కడుగుతూ మా వైపు వీపు పెట్టి నిలబడింది. కొళాయి ధారగా పోతోంది, చేతులు కదలడం లేదు.

"అలా అన్నావా?" అన్నాడు.

"అన్నాను. నీకు గుర్తు లేదు."

"అయితే అనే ఉంటావులే. ఈ మధ్య నాకు మతిమరుపు." బొమ్మ మడిచి జేబులో పెట్టుకుని వాల్వులు మూయడానికి వెళ్ళాడు. నేను కూడా వస్తానన్నాను. వద్దన్నాడు.

అక్కసుగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు. వాడు పెద్దగా అరిచి ఉంటే నేను కూడా అరిచేదాన్ని, ఇద్దరికీ తేలికయ్యేది. మా ఇంట్లో అరుపులకు ఎప్పుడూ కరువు లేదు. ఇదెక్కడి కొత్త మర్యాద?

జూలై 10

కాలువ మూసేశారు. ఇక ఈ ఏడాదికి లేదు.

జూలై 15

హైస్కూలు జిమ్‌లో సభ. ఏసీ పనిచేయలేదు. బోర్డు సభ్యులు అయిదుగురూ, రస్, నేను వేదిక మీద. ఎదురుగా మూడు వందల మంది ఎండిన మొహాలు.

రస్ మొదటి మాటే, "అంచనా మోడల్ రూపొందించింది డీలియా గారు. ఆవిడే వివరిస్తారు" అని మైకు నా ముందుకు జరిపాడు. అడకత్తెరలో పోకచెక్కలా కూర్చున్నాను. ఎండిన నేల గురించి చెప్పాను. గీత, నీడ గురించి చెప్పాను.

"మీ కంప్యూటర్‌కి దాహం వెయ్యదుగా తల్లీ!" అని ఒకడు.

"మా నాయనమ్మ మోకాలి నొప్పి చూసుకుని ఇంతకంటే బాగా చెప్పేది!" అని ఇంకొకడు.

"ఏప్రిల్లో నీడ ఏమైంది? ఇప్పుడు తీసుకొచ్చావేం, ఎండగా ఉందనా?"

అది మాత్రం న్యాయమైన ప్రశ్న. నేను రస్ వైపు చూశాను. రస్ మంచినీళ్ళు తాగుతున్నాడు.

అప్పుడు పిస్తా తోట ఆయన లేచాడు. డిక్రాన్ నీళ్ళు దక్కించుకున్నవాడే. "ఒకటి అడుగుతాను. మీ సొంత అన్న ఉర్బానోకి ఫిబ్రవరిలో బోరు నీళ్ళు చేతికందాయి. వద్దన్నాడు. పిచ్చివాడా? మీరేదో ఖాయంగా చెబితేనే కదా వద్దన్నాడు? మాకు ఒక గీత, ఇంట్లోవాళ్ళకు పూచీనా?"

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. అన్నయ్య చివరి బెంచీలో ఉన్నాడు. వచ్చాడని నాకు తెలియదు. మెల్లగా లేచి టోపీ తీశాడు. వాడు నోరు తెరిస్తే నా పని అయిపోతుందని ఆ క్షణం అనుకున్నాను. ఎందుకలా అనుకున్నానో తెలియదు. నేను చెప్పింది సగం సగమే కదా.

"మా చెల్లెలు నాతో సగం సగం అంది" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది, వెనకవాళ్ళకు వినపడలేదని మళ్ళీ చెప్పాడు. "సగం సగం అంది. ఖాయం కాదని చెప్పింది. నేనే పట్టించుకోలేదు. జూదం ఆడింది నేను. దాన్నేం అనకండి."

కూర్చున్నాడు. ఒక బోర్డు సభ్యురాలు, "అయితే ఆ నీడను బొమ్మలోంచి తీయించింది ఎవరు?" అని అడిగింది. అక్కడి నుంచి అందరి ప్రశ్నలూ రస్ వైపు తిరిగాయి.

జూలై 16

గమనిక. అన్నయ్య స్వయంగా మూడు వందల మంది ముందు అదే చెప్పాడు. విషయం తేలిపోయింది.

జూలై 19

వాడు చెప్పింది నేను జూన్‌లో వాడికి చెప్పిన మాటే. పొల్లు పోకుండా.

ఆగస్టు 1, ఆదివారం

అన్నయ్య ఫోను చేయలేదు. కోత పనుల్లో ఉంటాడు. పది ఎకరాల కోత ఎంతసేపు?

ఆగస్టు 8

వదిన ఫోను చేసింది. ఏదో గిన్నె నా దగ్గరుందట, పండగనాటిది. ఉందన్నాను. తెచ్చిస్తానన్నాను. తొందరేం లేదంది. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"డీలియా."

"చెప్పు వదినా."

"ఆ రోజు వంటింట్లో నేను కూడా ఉన్నాను."

అంతే. ఇద్దరం ఫోను పట్టుకుని అలాగే ఉన్నాం. అవతల గిన్నెల చప్పుడు కూడా లేదు.

సెప్టెంబరు 12

రస్‌ను పంపేశారు. నన్ను అంచనాల విభాగానికి పెద్దను చేశారు. కొత్త గది, ఇద్దరు మనుషులు, నేల తేమ కొలవడానికి కొండంతా సెన్సార్లు. "ప్రమాదాన్ని ముందే గుర్తించి హెచ్చరించిన ఏకైక వ్యక్తి" అని తీర్మానంలో రాశారు. ఆ కాగితం నా టేబులు సొరుగులో అడుగున ఉంది.

సెప్టెంబరు 30

మోడల్‌కు మట్టి నేర్పాను. ఈ ఏడాది లెక్కలు మళ్ళీ నడిపించాను. ఈసారి చక్కగా చెప్పింది, జూలైలో కాలువ మూతపడుతుందని. వారం తేడా కూడా లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు. కొత్తగా వచ్చిన ఇద్దరూ నా వెనక నిలబడి "అద్భుతం మేడమ్" అన్నారు. లేచి బయటికి వచ్చి కారులో కూర్చుని ఏడ్చాను.

అక్టోబరు 17

పెట్రోలు బంకులో డిక్రాన్ కనిపించాడు. "మీ అన్నయ్య వచ్చే ఎండాకాలానికి నా నీళ్ళు రాసుకున్నాడు. ఈసారి ఎవరినీ అడగనన్నాడు" అన్నాడు. నన్ను పొడవాలని అనలేదు. మంచి కబురు చెబుతున్నాననుకున్నాడు పాపం.

నవంబరు 14, ఆదివారం

భోజనానికి రమ్మని వదిన పిలిచింది. గిన్నె తీసుకెళ్ళాను.

ముప్పై ఎకరాలు లేవు. చెట్లను వేళ్ళతో పెకలించి, యంత్రంలో పిప్పి చేసి, ఆ పొట్టును అక్కడే నేల మీద పరిచారు. దారి పొడవునా పచ్చి కలప వాసన. అయిదేళ్ళు ఒక్కో చెట్టుకూ పేరు పెట్టి పిలిచినవాడు ఆ పొట్టు మీద నుంచే నడిచి వచ్చి నా కారు తలుపు తీశాడు.

అంతా మామూలుగానే ఉంది, అదే భరించలేకపోయాను. లింగీసా సాసేజీలో ఉప్పెక్కువైందని వదినను ఏడిపించాడు. నా వెనక టైరు అరిగిపోయిందని, వాన పడకముందే మార్పించమని చెప్పాడు. కొత్త ఉద్యోగం ఎలా ఉందని కూడా అడిగాడు. బాగుందన్నాను. "బాగుండాలి మరి" అన్నాడు. ఎత్తిపొడుపేమోనని మొహం చూశాను. కాదు. నిజంగానే అన్నాడు.

వాడు కూర్చునేది కిటికీకి ఎదురుగా. శుక్రవారం కొండ మీద మంచు పడింది. కిటికీలోంచి తెల్లగా, మొత్తం కొండ కనబడుతోంది. గుడ్డివాడికి కూడా కనబడుతుంది. నేను ఎదురుచూశాను. కాఫీ తాగడం ఆలస్యం చేశాను. రెండో కప్పు అడిగాను. నేనెప్పుడూ రెండో కప్పు తాగను, వదినకు తెలుసు, అయినా పోసింది.

చివరికి నేనే అన్నాను. "కొండ మీద మంచు పడింది."

"ఊఁ, కనబడుతోంది" అన్నాడు. రొట్టె పళ్ళెం నా వైపు జరిపాడు. "ఇంకో ముక్క తీసుకో. చిక్కిపోయావు."

కారుదాకా వచ్చి, ఎప్పటిలాగే పైకప్పు మీద చేత్తో రెండు దెబ్బలు కొట్టి, జాగ్రత్తగా వెళ్ళమన్నాడు. మంచివాడు మా అన్నయ్య. ఇంత మంచివాడై నన్ను చంపుతున్నాడు.

మొదటి లెక్క మొన్ననే వచ్చింది. నూట ఆరు. నవంబరు అంకెకు విలువ లేదు, అయినా వచ్చింది. సోమవారం ఆఫీసులో అందరికీ చెబుతాను, నీడతో సహా బోర్డుకు పంపుతాను. చప్పట్లు కూడా కొడతారు. చెప్పాలనుకున్నవాడు మాత్రం టైరు గురించి మాట్లాడి లోపలికి వెళ్ళిపోయాడు.

కొండ మీద ఎంత అని ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్ని. నూట ఆరు అన్నయ్యా. కానీ నీడ చాలా పెద్దది, సగం సగమే, నన్ను నమ్ముకుని డిక్రాన్ నీళ్ళు వదులుకోకు. ఈసారి అదంతా కూడా చెప్పేదాన్ని.